దెబ్బ తగిలాక మొదటి రోడ్ బైక్: ఏ రకం ఎవరికి?

కట్టు విప్పి పది వారాలైనా నా ఎడమ మణికట్టు పూర్తిగా వంగేది కాదు. సీసా మూత తిప్పినా కలుక్కుమనేది. ఆ చేత్తోనే వెళ్ళి, బాగా ముందుకు వంగి తొక్కే రేస్ బైక్ ఒకటి కొనేశాను. చూడ్డానికి ఎంత బాగుండేదో! మూడు వారాలు తిరక్కముందే అది గోడకి చేరింది, నేను మళ్ళీ ఫిజియో దగ్గరికి చేరాను. తర్వాతి ఏడాది దాన్ని నష్టానికి అమ్మి ఇంకోటి తీసుకున్నాను. ఇప్పుడు తొక్కుతున్నది అదే. మొదటిసారే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

డాక్టరో ఫిజియోనో తొక్కొచ్చు అన్నాకే ఇదంతా. ఎముక అతికిందా, లిగమెంట్ ఎంత బరువు ఓర్చుకుంటుంది అన్నవి సైకిల్ షాపులో తేలే విషయాలు కావు. అయితే వాళ్ళని "సైకిల్ తొక్కొచ్చా?" అని ఒక్క ముక్కతో అడిగి వచ్చేయకండి. ఎంతసేపు ముందుకు వంగి ఉండొచ్చు, చేతుల మీద ఎంత బరువు వేయొచ్చు, మోకాలూ తుంటీ ఎంతవరకు మడవొచ్చు అని అడగండి. ఈ మూడు జవాబులూ రాసుకుని షాపుకి వెళ్తే సగం పని అయిపోయినట్టే.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. దెబ్బ తిన్న ఒళ్ళు ఒక్క చోట ఆగి ఉండదు. ఈ నెల హ్యాండిల్ ఎత్తుగా, దగ్గరగా కావాలి. ఆరు నెలలకి అదే హ్యాండిల్ మరీ ఒంటి మీదికి వచ్చినట్టు ఉంటుంది. మధ్యలో ఒకసారి నొప్పి తిరగబెడితే మళ్ళీ మొదటికి. కాబట్టి ఇవాళ షాపులో హాయిగా అనిపించిందా అని మాత్రమే చూస్తే సరిపోదు. ఒళ్ళు మారేకొద్దీ దీన్ని ఎంత మార్చుకోగలను అని చూడాలి. కింద చెప్పే పోలికలన్నీ నేను ఈ ప్రశ్నతోనే చేస్తున్నాను.

బజారులో ఉన్న రకాలు

రోడ్ బైక్ అనగానే కళ్ళ ముందు మెదిలేది పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, అంటే డ్రాప్ బార్. కానీ ఆ కొమ్ములు ఉన్నవన్నీ ఒకటి కావు.

స్పెషలైజ్డ్ టార్మాక్, జెయింట్ టీసీఆర్ లాంటివి రేస్ బైక్‌లు. చాలావరకు 7, 8 కిలోల బరువుంటాయి. హ్యాండిల్ కిందికి, దూరంగా ఉంటుంది. వీపు బాగా వాల్చి గాలికి తక్కువ అడ్డం పడేలా తొక్కాలి. ఒళ్ళు బాగా సాగేవాళ్ళకి, అలవాటున్నవాళ్ళకి అవి అద్భుతం. గాయం తర్వాత మొదటి బైక్‌గా మాత్రం వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఎండ్యూరెన్స్ బైక్‌లది ఇంకో దారి. స్పెషలైజ్డ్ రూబే, ట్రెక్ డొమానె, జెయింట్ డిఫై, కానన్‌డేల్ సినాప్స్, కాన్యన్ ఎండ్యూరేస్ ఈ కోవలోవి. హ్యాండిల్ కొంచెం పైకి, కొంచెం దగ్గరికి వస్తుంది. టైర్లు వెడల్పుగా పడతాయి, చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి సైకిల్ తొణక్కుండా నిలకడగా పోతుంది. పారిస్–రూబే అని 1896లో మొదలైన పందెం ఒకటుంది. బండరాళ్ళు పరిచిన పాత దారుల మీద యాభై కిలోమీటర్లకి పైగా తొక్కాలి. ఈ తరహా సైకిళ్ళు వృద్ధి కావడానికి ఆ రాళ్ళు కూడా ఒక కారణం. రూబే మోడల్‌కి ఆ పేరు అక్కడిదే. అందులో హ్యాండిల్ కింద 20 మి.మీ. మేర కదిలే స్ప్రింగ్ ఏర్పాటు ఉంటుంది. డొమానెలో సీటు గొట్టం వెనక్కి కాస్త వంగేలా ఒక కీలు పెట్టారు. ఇలాంటి హంగులు ఉంటే మంచిదే. లేకపోయినా కొంప మునగదు. ఎందుకో టైర్ల దగ్గర చెప్తాను.

గ్రావెల్ బైక్‌లు మట్టిదారి, కంకర దారి కోసం పుట్టినవి. ట్రెక్ చెక్‌పాయింట్, జెయింట్ రివోల్ట్, స్పెషలైజ్డ్ డైవర్జ్ చూడండి. 40 నుంచి 50 మి.మీ. టైర్లు పడతాయి, గేర్లు తేలిగ్గా ఉంటాయి, కూర్చునే తీరు ఎండ్యూరెన్స్‌కి దగ్గరగా ఉంటుంది. మామూలు తారు రోడ్డు మీద కొంచెం బద్ధకంగా నడుస్తాయి. 32 మి.మీ. నున్నటి టైర్లు వేస్తే ఆ బద్ధకం చాలావరకు పోతుంది. ఒకసారి పడ్డాక గుంత కనిపిస్తేనే గుండె ఝల్లుమనేవాళ్ళకి ఈ లావు టైర్లు ఇచ్చే ధైర్యం వేరే చోట దొరకదు.

ఇక ఫ్లాట్ బార్. ట్రెక్ ఎఫ్ఎక్స్, స్పెషలైజ్డ్ సిరస్, జెయింట్ ఎస్కేప్. హ్యాండిల్ తిన్నగా ఉంటుంది, మనిషి నిటారుగా కూర్చుంటాడు, బ్రేకులు ఎప్పుడూ వేళ్ళ కిందే ఉంటాయి. 10 నుంచి 12 కిలోల బరువు. గాయం అనగానే షాపుల్లో ముందు చూపించేది దీన్నే. కొందరికి అదే సరైనది, కొందరికి కాదు.

మోటారు సాయం ఉన్న రోడ్ బైక్ గురించి రెండు ముక్కలు చాలు. కాలి బలం బాగా తగ్గినవాళ్ళకి, ఎత్తు ఎక్కుతుంటే మోకాలు మొరాయించేవాళ్ళకి అది వరమే. కానీ బరువు ఎక్కువ. నడుము దెబ్బతిన్న మనిషి దాన్ని మెట్ల మీద మోయాల్సి వస్తే తొక్కడంలో తప్పించుకున్న నొప్పి మోయడంలో వస్తుంది. సైకిల్ ఎక్కడ పెడతారో చూసుకుని తేల్చుకోండి.

స్టాక్, రీచ్: అమ్మేవాళ్ళ మాట కన్నా ఈ రెండంకెలు నమ్మండి

ఎండ్యూరెన్స్ అని పేరు రాసుకున్నంత మాత్రాన అన్నీ ఒకేలా ఉండవు. ప్రతి కంపెనీ తన సైకిల్ కొలతల పట్టిక ఇస్తుంది. అందులో పదిహేను వరసలు ఉంటాయి, రెండు చూస్తే చాలు. పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్య నుంచి, ఫ్రేమ్ ముందు గొట్టం పై అంచు వరకు నిలువు ఎత్తు స్టాక్. అదే ఇరుసు నుంచి అదే అంచుకి అడ్డంగా ఉన్న దూరం రీచ్. స్టాక్ పెరిగితే హ్యాండిల్ పైకి వస్తుంది, రీచ్ తగ్గితే దగ్గరికి వస్తుంది.

ఒక మధ్యరకం సైజు రేస్ ఫ్రేమ్‌లో స్టాక్ 544, రీచ్ 384 మి.మీ. ఉందనుకుందాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 1.42. అదే సైజు ఎండ్యూరెన్స్ ఫ్రేమ్‌లో 585, 380 ఉంటే 1.54. అంటే హ్యాండిల్ నాలుగు సెంటీమీటర్లు పైకి వచ్చింది. కాగితం మీద నాలుగు సెంటీమీటర్లంటే ఏముంది అనిపిస్తుంది కానీ, నడుముకి అది చాలా పెద్ద తేడా. నా లెక్కలో గాయం తర్వాత కొనే డ్రాప్ బార్ సైకిల్‌కి ఈ భాగహారం 1.5 దాటాలి.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. హ్యాండిల్ దూరంగా ఉంది కదా, ఒక సైజు చిన్నది తీసుకుందాం అనుకుంటారు. చిన్న సైజులో రీచ్ తగ్గేది కొంచెమే, స్టాక్ మాత్రం చాలా తగ్గుతుంది. హ్యాండిల్ దగ్గరికి వస్తుంది, దాంతోపాటు కిందికీ పోతుంది. చివరికి వంగడం ఎక్కువవుతుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే స్టాక్ ఎక్కువున్నది తీసుకుని, హ్యాండిల్‌ని ఫ్రేమ్‌తో కలిపే స్టెమ్ పొట్టిది వేయించుకోవడం మేలు. 100 మి.మీ. స్టెమ్ తీసి 80 వేస్తే రెండు సెంటీమీటర్లు దగ్గరైపోయినట్టే. నిలబడినప్పుడు రెండు కాళ్ళ మధ్య పై గొట్టం తగలకుండా ఉంటే చాలు.

ఈ అంకెలతో డ్రాప్ బార్‌ని ఫ్లాట్ బార్‌తో పోల్చకండి, తప్పుతారు. తిన్నటి హ్యాండిల్‌లో చేతులు స్టెమ్ దగ్గరే ఉంటాయి, డ్రాప్ బార్‌లో ఇంకా ముందుకు పోయి బ్రేకు కొమ్ముల (లీవర్లు బిగించిన పిడుల) మీద ఉంటాయి. అందుకే ఫ్లాట్ బార్ ఫ్రేమ్‌ని కావాలనే పొడుగ్గా చేస్తారు. ఇప్పుడు ఫ్లాట్ బార్ కొని, బాగయ్యాక దానికే డ్రాప్ బార్ బిగించుకుందాం అని ప్లాన్ వేసేవాళ్ళు అందుకే దెబ్బతింటారు. ఫ్రేమ్ మరీ పొడుగైపోతుంది. బ్రేకు లీవర్లు, గేరు లీవర్లు కూడా మార్చాల్సి వచ్చి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఎక్కడి దెబ్బకి ఏది

మణికట్టు సంగతి నాకు స్వానుభవం కాబట్టి దానితో మొదలుపెడతాను. మణికట్టు నొప్పి అంటే ఫ్లాట్ బార్ అని అందరూ అంటారు. నాతోనూ అన్నారు. రెండు చేతులూ ముందుకు చాచి, ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు పెట్టండి. బొటనవేలు పైకి ఉంటుంది, ముంజేయి మెలిపడదు. డ్రాప్ బార్ మీద బ్రేకు కొమ్ముల్ని పట్టుకున్నప్పుడు చెయ్యి ఇలాగే ఉంటుంది. ఇప్పుడు అరచేతులు నేలకేసి తిప్పి, గుప్పిట మూసి, మీద బరువు వేసినట్టు ఊహించుకోండి. అది ఫ్లాట్ బార్. నాకు రెండోదాంట్లో పది నిమిషాలకే నొప్పి మొదలయ్యేది, మొదటిదాంట్లో గంటైనా పర్వాలేదు. అందరికీ ఇలాగే ఉండాలని లేదు. ఏ ఎముక విరిగింది, ఏ వైపు వంచితే నొప్పి అన్నదాన్ని బట్టి మారుతుంది. కానీ రెండూ పట్టుకుని చూడకుండా ఫ్లాట్ బార్ తీసుకోకండి. తీసుకుంటే మాత్రం అరచేయి ఆనేలా రెక్కలా వెడల్పుగా ఉండే గ్రిప్పులు వేయించుకోండి.

అసలు నా మొదటి సైకిల్‌తో వచ్చిన చిక్కు హ్యాండిల్ ఆకారం వల్ల కాదు. అది మరీ కిందికి ఉండడంతో ఒంటి బరువంతా చేతుల మీద పడింది. దానికి తోడు సీటు ముక్కు కిందికి వంచారు, "మెత్తగా ఉంటుంది సార్" అని. ముక్కు వంగితే మనిషి ముందుకు జారుతూనే ఉంటాడు, ఆ జారుడుని ఆపేది అరచేతులే. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున పోయే నరం నలుగుతోందని అర్థం. అప్పుడు గ్లవ్స్ మార్చడం కన్నా ముందు సీటు వంపు చూడాలి.

చెయ్యి దెబ్బతిన్నవాళ్ళకి బ్రేకు, గేరు కూడా ముఖ్యమే. హైడ్రాలిక్, అంటే నూనె ఒత్తిడితో పనిచేసే డిస్క్ బ్రేకు ఒక వేలితో పడుతుంది. తీగతో లాగే బ్రేకుకి పట్టు బలంగా ఉండాలి. పొడుగాటి దిగుడులో ఆ తేడా బాగా తెలుస్తుంది. షిమానో క్లారిస్, సోరా లాంటి కింది మెట్టు గేరు సెట్లున్న డ్రాప్ బార్ సైకిళ్ళలో డిస్క్ కనిపించినా మామూలుగా లోపల లాగేది తీగే. అడిగి తెలుసుకోండి. ఫ్లాట్ బార్ సైకిళ్ళకి మాత్రం హైడ్రాలిక్ తక్కువలోనే దొరుకుతుంది, అది దాని పక్షాన చెప్పుకోదగ్గ మంచి మాట. గేర్లలో ఎలక్ట్రానిక్ అయితే మీట నొక్కితే చాలు, తొయ్యక్కర్లేదు. బొటనవేలు, మణికట్టు సరిగ్గా పనిచెయ్యనివాళ్ళకి అది విలాసం కాదు. శ్రామ్ అనే గేర్ల కంపెనీ పద్ధతిలో కుడి మీట నొక్కితే గేరు బరువెక్కుతుంది, ఎడమది నొక్కితే తేలికవుతుంది, రెండూ కలిపి నొక్కితే ముందు పళ్ళచక్రం మారుతుంది. నొక్కడమే తప్ప మెలితిప్పే పనే లేదు. లీవర్‌ని వేళ్ళకి దగ్గరగా జరిపే చిన్న స్క్రూ కూడా చాలావాటికి ఉంటుంది. అడక్కపోతే చాలా షాపుల్లో దాన్ని ముట్టుకోరు.

నడుము విషయంలో నిటారుగా కూర్చుంటే చాలు అన్నది సగం నిజమే. మరీ కర్రలా నిటారుగా కూర్చుంటే గుంతలో పడ్డ ప్రతి అదురూ సీటు నుంచి నేరుగా వెన్నుపూసలకి ఎక్కుతుంది. కొద్దిగా ముందుకు వాలితే ఆ అదురులో కొంత చేతులు, తుంటి పంచుకుంటాయి. అందుకే వెన్నుపూసల డిస్క్ సమస్య తర్వాత తొక్కేవాళ్ళలో చాలామందికి ఎండ్యూరెన్స్ బైక్ కుదురుతుంది. వంగేది తుంటి దగ్గర, నడుము దగ్గర కాదు. ఈ తేడా ఫిజియో చేత చూపించుకోండి. అసలు వంగనే కూడదు అన్న దశలో ఉంటే ఫ్లాట్ బార్, లావు టైర్లు, కొంచెం వంగే సీట్ పోస్ట్ (సీటుని మోసే గొట్టం) కలిపి చూడండి.

మెడ, భుజం, కాలర్ బోన్ దెబ్బలకి మాత్రం నేను ఫ్లాట్ బార్ వైపే ఉంటాను. హ్యాండిల్ ఎంత కిందికి ఉంటే రోడ్డు చూడ్డానికి తల అంత పైకెత్తాలి. మెడ కండరాలు ఆ పని గంటసేపు చెయ్యలేవు. వెనక్కి తిరిగి చూడ్డం కూడా కష్టమే, కాబట్టి ఏ రకం కొన్నా అద్దం ఒకటి బిగించుకోండి. సైకిల్ అందం పోతుందని నేను ఆర్నెల్లు బిగించుకోలేదు. తెలివితక్కువ పని.

తుంటి దెబ్బకి ముందు చూడాల్సింది ఎక్కడం, దిగడం. కాలు వెనక్కెత్తి సీటు మీదుగా తిప్పగలరా? తిప్పలేకపోతే సైకిల్‌ని మీ వైపు బాగా వాల్చి, సీటు కిందికి వచ్చాక కాలు వేసి చూడండి. అదీ కుదరకపోతే పై గొట్టం కిందికి ఉండే ఫ్రేమ్ కావాలి, అవి ఫ్లాట్ బార్ రకంలోనే ఎక్కువ.

మోకాలికి ఫ్రేమ్ కన్నా గేర్లు ముఖ్యం

మోకాలి దెబ్బ తిన్నవాళ్ళు రేస్ బైకా, ఎండ్యూరెన్సా అని కొట్టుకుంటారు గానీ, మోకాలికి ఆ తేడా పెద్దగా పట్టదు. దానికి పట్టేవి మూడు: గేరు ఎంత తేలిక, సీటు ఎంత ఎత్తు, క్రాంక్ (పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ) ఎంత పొడవు.

ముందు పళ్ళచక్రం చిన్నది 34 పళ్ళు, వెనక పెద్దది 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు. 28 మి.మీ. టైరుతో నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 7.7 కిలోమీటర్ల వేగం. నిటారు ఎత్తు మీద ఆ వేగమే గగనం. ఇప్పుడు వెనక పెద్దది 28 పళ్ళే ఉందనుకోండి. అదే వేగానికి 49 చుట్లే పడతాయి. పాత రోజుల్లోలా ముందు 39, వెనక 25 ఉంటే 38 చుట్లు. చేసే పని అంతే, చుట్లు తగ్గేకొద్దీ ఒక్కో తొక్కుడులో మోకాలి మీద పడే ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకే వెనక 34 పళ్ళు లేని సైకిల్ మోకాలి దెబ్బ తర్వాత కొనొద్దంటాను. గ్రావెల్ బైక్‌ల్లో ముందు 30 లేదా 31 పళ్ళు కూడా వస్తాయి, ఇంకా తేలిక. కొండదారులుండి, మోకాలు బలహీనంగా ఉంటే ఎండ్యూరెన్స్ కన్నా గ్రావెలే సరైన ఎంపిక అని నా అభిప్రాయం, మట్టిదారి ముఖమే చూడకపోయినా సరే.

సీటు ఎత్తు తప్పితే ఏ సైకిలైనా మోకాలిని పాడుచేస్తుంది. మోకాలిచిప్ప ముందు వైపు నొప్పి వస్తుంటే ఎక్కువసార్లు సీటు తక్కువ ఎత్తులో ఉందని, మడత వెనక నొప్పి వస్తుంటే ఎక్కువ ఎత్తులో ఉందని అనుమానించాలి. మొదటి కొలతకి ఒక పాత లెక్క పనికొస్తుంది: కాలి లోపలి వైపు పొడవుని 0.883తో హెచ్చవేస్తే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. ఆ లెక్కకి అమెరికా సైకిల్ రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరు పెట్టారు. ఆయన 1987లో వేటకి వెళ్ళినచోట పొరపాటున తుపాకీ గుళ్ళు తగిలి చావు తప్పించుకున్నాడు. రెండేళ్ళకి, 1989లో, టూర్ ద ఫ్రాన్స్‌ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. కాలు పొడవు 80 సెంటీమీటర్లుంటే ఈ లెక్కన 70.6 వస్తుంది. అక్కణ్ణుంచి రెండు మూడు మి.మీ. చొప్పున మాత్రమే కదపండి. ఆపరేషన్ అయిన మోకాలు పూర్తిగా చాచలేకపోతే లెక్క కన్నా తక్కువే పెట్టాలి.

క్రాంక్ పొడవు గురించి షాపులో ఎవరూ మాట్లాడరు. మధ్యరకం సైజు సైకిల్‌కి సాధారణంగా 170 లేదా 172.5 మి.మీ. వేసి ఇస్తారు. 172.5 ఉన్నదాన్ని 165 చేస్తే పెడల్ పైకి వచ్చినప్పుడు పాదం 7.5 మి.మీ. కిందే ఉంటుంది. కింద కాలు చాపు మారకూడదు కాబట్టి సీటు కూడా 7.5 పైకి లేపుతాం. వెరసి పై మలుపులో మోకాలికి, తుంటికి 15 మి.మీ. చోటు దొరికింది. మోకాలు ఇంతకు మించి మడవొద్దు అని ఫిజియో గీత గీసినవాళ్ళకి ఈ పదిహేను మి.మీ. చాలా విలువైనవి. పొట్టి క్రాంక్ వేస్తే బలం తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. ప్రపంచంలోకెల్లా మేటి రేసర్ అయిన తాదేయ్ పొగాచర్ కూడా 2024లో 165కి మారాడు.

పెడళ్ళకి బూటు తగిలించుకునే పద్ధతి మొదట్లోనే వద్దు. కొన్నాళ్ళు మామూలు బల్లపరుపు పెడళ్ళతో తొక్కండి. తర్వాత కావాలనుకుంటే షిమానో ఎస్‌పీడీ రకం, ఎటు మెలిపెట్టినా ఊడొచ్చే క్లీట్లతో (పెడల్‌లో ఇరుక్కునేలా బూటు అడుగున బిగించే బిళ్ళలు) మొదలుపెట్టొచ్చు. రోడ్డు బూట్ల ఎస్‌పీడీ-ఎస్ఎల్ రకంలో అయితే పసుపు రంగు క్లీట్లు పాదాన్ని 6 డిగ్రీలు అటూ ఇటూ కదలనిస్తాయి, నీలం 2 డిగ్రీలు, ఎర్రవి అసలు కదలనివ్వవు. దెబ్బతిన్న మోకాలికి ఎర్రవి తగిలించుకోవడం కోరి కష్టాలు తెచ్చుకోవడమే.

కోసేసిన గొట్టం మళ్ళీ పెరగదు

నా రెండో సైకిల్ కొనేటప్పుడు నేను గట్టిగా పట్టుబట్టింది దీని మీదే. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ నుంచి ఒక గొట్టం పైకి వచ్చి స్టెమ్‌లో దూరుతుంది. స్టెమ్ కింద ఉంగరాల్లాంటి స్పేసర్లు ఉంటాయి. అవి తీసి పైన పెడితే హ్యాండిల్ దిగుతుంది, కింద పెడితే లేస్తుంది. కొత్త సైకిల్ అమ్మేటప్పుడు చూడ్డానికి నీటుగా ఉండాలని కొన్ని షాపుల్లో ఆ గొట్టాన్ని పొట్టిగా కోసేస్తారు. నా మొదటి సైకిల్‌కి అడక్కుండానే కోశారు. ఆ తర్వాత ఒక్క సెంటీమీటరు పైకి లేపుదామన్నా దారి లేకపోయింది. కాబట్టి డబ్బు కట్టకముందే చెప్పండి, గొట్టం కోయొద్దని. కార్బన్ గొట్టానికి ఎంత ఎత్తు స్పేసర్లు పెట్టొచ్చో కంపెనీ ఒక హద్దు పెడుతుంది, చాలాచోట్ల అది 30 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. అది మీరాక ఎత్తు కావాలంటే పైకి వంగిన స్టెమ్ వేయాలి.

ఇదే కారణంగా హ్యాండిల్, స్టెమ్ ఒకే ముక్కగా పోతపోసిన సైకిళ్ళకి దూరంగా ఉండమంటాను. తీగలన్నీ లోపల్నుంచి పోయి చక్కగా కనిపిస్తాయి. కానీ స్టెమ్ పొడవు రెండు సెంటీమీటర్లు మార్చాలంటే ముక్క మొత్తం మార్చాలి, కొన్నిటికి బ్రేకు గొట్టాలు విప్పి మళ్ళీ నూనె నింపాలి. బాగుపడుతున్న ఒంటికి ఏడాదిలో మూడుసార్లు మార్పులు కావాల్సి రావొచ్చు. నాలుగు బోల్టులు విప్పితే ఊడొచ్చే మామూలు స్టెమ్ ముందు ఆ అందం ఎందుకూ కొరగాదు. ఒకే రకం ఫ్రేమ్‌లో ఖరీదైన మోడల్‌కి ఒకే ముక్క హ్యాండిల్, కింది మోడల్‌కి విడి హ్యాండిల్ వస్తుంటే కళ్ళు మూసుకుని కిందిది తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి కూడా ఇదే చిక్కు. వాడినవాళ్ళు తమ ఒంటికి సరిపడా గొట్టం కోసేసి ఉంటారు. ముందు అదే చూడండి, మిగతావి తర్వాత.

ఫ్రేమ్ కార్బనా, అల్యూమినియమా అన్న చర్చకి నేనిచ్చే చోటు ఇంతే: టైరు తర్వాతే ఏదైనా. 75 కిలోల మనిషి 25 మి.మీ. టైరులో 85, 90 పీఎస్ఐ గాలి కొట్టి తొక్కితే ఎంత గొప్ప కార్బన్ ఫ్రేమైనా అదురుతుంది. అదే మనిషికి 32 మి.మీ. టైరులో 60 దరిదాపుల్లో సరిపోతుంది, అల్యూమినియం ఫ్రేమైనా మెత్తగా పోతుంది. టైరు మీద రాసి ఉన్న గరిష్ఠం అంకె దాకా గాలి కొట్టడం చాలామందికి అలవాటు. అది హద్దు మాత్రమే, అంత కొట్టమని కాదు. కొనేముందు ఫ్రేమ్‌లో కనీసం 32 పడుతుందా అని అడగండి, 35 పడితే మరీ మంచిది. రేస్ బైక్‌తో పోలిస్తే ఎండ్యూరెన్స్, గ్రావెల్ గెలిచేది ముఖ్యంగా ఇక్కడే.

సీటు మెత్తగా ఉంటే హాయిగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. కూర్చునే ఎముకల మధ్య దూరానికి తగ్గ వెడల్పు ఉండాలి. నిటారుగా కూర్చునేకొద్దీ వెడల్పు ఎక్కువ కావాలి. కొలిచి ఇచ్చే షాపులున్నాయి, కొలిపించుకోండి.

షాపులో ఏం చేయాలి

రెండు నిమిషాలు చుట్టూ తిప్పి తెచ్చేస్తే ఏమీ తెలియదు. నా మణికట్టు మొదటి పదిహేను నిమిషాలు ఏ సైకిల్ మీదైనా బుద్ధిగానే ఉండేది, అసలు రంగు అరగంట దాటాక బయటపడేది. అద్దెకిచ్చేవాళ్ళు దొరికితే ఎండ్యూరెన్స్ ఒక రోజు, ఫ్లాట్ బార్ ఒక రోజు తీసుకుని నలభై నిమిషాలు తొక్కండి. కొంచెం గతుకుల దారి, ఒక చిన్న ఎత్తు, పది సార్లు ఆగి బయల్దేరడం అందులో ఉండాలి. దిగాక ఎలా ఉందన్నది కాదు, మర్నాడు పొద్దున లేచాక ఎలా ఉందో రాసుకోండి.

హ్యాండిల్ దూరంగా అనిపిస్తే సీటు ముందుకి జరుపుతామంటారు. ఒప్పుకోకండి. సీటు ఉండాల్సిన చోటు మోకాలిని బట్టి, హ్యాండిల్ చోటు చేతుల్ని బట్టి తేలాలి; చేతుల కోసం సీటు జరిపితే మోకాలికి కొత్త తంటా. స్టెమ్ మార్చమనండి. కొనేటప్పుడే అడిగితే చాలామంది ఉచితంగానే మారుస్తారు. డబ్బు మిగిలితే మంచి చక్రాల మీద కాకుండా, కూర్చునే తీరు కొలిచి సరిచేసే ఫిట్టర్ మీద పెట్టండి. ఒకేసారి కాదు, కొన్నాక ఒకసారి, మూడు నాలుగు నెలలకి ఇంకోసారి.

నేను చివరికి తీసుకున్నది అల్యూమినియం ఎండ్యూరెన్స్ ఫ్రేమ్, 32 మి.మీ. టైర్లు, హైడ్రాలిక్ బ్రేకులు, వెనక 34 పళ్ళు, విడి స్టెమ్. కొన్న రోజున మూడు స్పేసర్లూ స్టెమ్ కిందే ఉన్నాయి. అయిదో నెలలో ఒకటి పైకి మార్చాను, పదో నెలలో ఇంకోటి. మూడోది కింద పెడితేనే చెయ్యి ఒప్పుకుంటోంది. పైకి తేలిన గొట్టం చూసి తోటివాళ్ళు కోయించెయ్యమంటారు. కోయించలేదు.